పీఎస్4 కంట్రోలర్ డెస్క్‌టాప్‌కు పెడితే లైటు వెలుగుతోంది, సిస్టంలో మాత్రం ఏమీ కనిపించట్లేదు

కరీమాబాద్ పోరడు · వరంగల్ · శనివారం రాత్రి 9.12

అందరికీ నమస్తే. మా బావ దుబాయ్‌లో పని చేస్తాడు. పోయినసారి లీవుకు వచ్చినప్పుడు రూమ్మేట్ వదిలేసి పోయిన పీఎస్4 (సోనీవాళ్ళ ప్లేస్టేషన్ 4 అనే గేమ్ డబ్బా) కంట్రోలర్ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. పీఎస్4 లేదు, కంట్రోలర్ ఒక్కటే. ఎడ్లు లేకుండా ముల్లుగర్ర ఇచ్చినట్టు.

మళ్ళీ దసరాకు వస్తున్నాడు. చిన్నప్పుడు మేమిద్దరం క్రికెట్ 07 అనే కంప్యూటర్ గేమ్ ఒకే కీబోర్డు మీద ఓవర్‌కు ఒకరం చొప్పున ఆడేవాళ్ళం. ఈసారి కంట్రోలర్‌తో ఆడించాలని నా ప్లాన్. ఇంట్లో ఉన్నది పాత డెస్క్‌టాప్, విండోస్ 10, బ్లూటూత్ లేదు. ఫోన్ ఛార్జింగ్ కేబుల్‌తో కలిపితే కంట్రోలర్ మీద నారింజ రంగు లైటు మెల్లగా వెలిగి ఆరుతోంది. సిస్టంలో ఉలుకూ లేదు, పలుకూ లేదు. చౌరస్తా దగ్గర ఒక షాపులో అడిగితే డ్రైవర్ వేయాలి, 500 అవుతుంది, సీపీయూ పట్టుకురా అన్నారు. నిజమేనా? డ్రైవర్ నేనే వేసుకోలేనా?

కాజీపేట జంక్షన్ · కాజీపేట · శనివారం రాత్రి 9.31

తమ్మీ, సీపీయూ ఎక్కడికీ మొయ్యకు. డ్రైవర్ సంగతి తర్వాత. కేబుల్ పెట్టగానే స్పీకర్‌లోంచి ‘టడింగ్’ అని విండోస్ సౌండ్ వచ్చిందా? పెన్‌డ్రైవ్ పెడితే వస్తుందే, అది.

కరీమాబాద్ పోరడు · శనివారం రాత్రి 9.34

రాలేదన్నా. ఎన్నిసార్లు తీసి పెట్టినా రాలేదు.

కాజీపేట జంక్షన్ · శనివారం రాత్రి 9.46

అయితే కేబుల్‌ది తప్పు. యూఎస్‌బీ 2.0 కేబుల్‌లో నాలుగు తీగలుంటాయి. ఎరుపు, నలుపు కరెంటుకు. ఆకుపచ్చ, తెలుపు డేటాకు. చాలా చవక కేబుళ్ళల్లో, పవర్ బ్యాంకుతో పాటు వచ్చే పొట్టి కేబుళ్ళల్లో ఆ ఆకుపచ్చ, తెలుపు తీగలు అసలే ఉండవు. ఛార్జింగ్ ఎక్కుతుంది, సిస్టంకు మాత్రం అక్కడ ఏదో వస్తువు ఉందన్న సంగతే తెలియదు. ఆ నారింజ లైటు ఛార్జింగ్ లైటు, అంతే.

నేను ఇదే తప్పుకు రెండు రోజులు పోగొట్టుకున్నా. ఒకటికి రెండుసార్లు విండోస్ కూడా కొత్తగా వేసిన. ఆఖరికి మా అబ్బాయి పాత కెమెరా కేబుల్ తెచ్చి పెడితే టడింగ్ అన్నది.

ఏ కేబుల్‌తో అయితే ఫోన్లోంచి సిస్టంకు ఫోటోలు ఎక్కించగలవో ఆ కేబుల్ పెట్టు. పీఎస్4 కంట్రోలర్‌కు కావాల్సింది మైక్రో యూఎస్‌బీ, ఇప్పటి ఫోన్ల టైప్ సీ కాదు. పాత ఫోన్ డబ్బా ఏదైనా అటక మీద ఉంటే అందులో వెతుకు.

నక్కలగుట్ట అక్క · హనుమకొండ · శనివారం రాత్రి 10.05

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, మాదీ ఇలాంటి కథే. మా పిల్లల కోసం సెకండ్ హ్యాండ్‌లో ఎక్స్‌బాక్స్ 360 (మైక్రోసాఫ్ట్‌వాళ్ళ గేమ్ డబ్బా) వైర్‌లెస్ కంట్రోలర్ కొన్నాం. దానికి ఒక కేబుల్ కూడా ఇచ్చారు. ల్యాప్‌టాప్‌కు పెడితే కంట్రోలర్ లైట్లు గుండ్రంగా తిరుగుతున్నాయి గానీ ఆట తీసుకోవట్లేదు. మాది కూడా ఛార్జింగ్ కేబులేనా? వేరేది కొంటే సరిపోతుందా?

హాస్టల్ మూడో ఫ్లోర్ · వరంగల్ · శనివారం రాత్రి 10.20

అక్కా, మీ విషయం కొంచెం వేరు. ఆ కేబుల్ పేరే ‘ప్లే అండ్ ఛార్జ్’. అది కంపెనీవాళ్ళే ఛార్జింగ్ కోసం చేసిన కేబుల్, బటన్ల నొక్కులు దాంట్లోంచి పోవు. ఏ కేబుల్ మార్చినా లాభం లేదు. 360 వైర్‌లెస్ కంట్రోలర్‌లో బ్లూటూత్ కూడా ఉండదు, దాని రేడియో వేరే. దానికి పీసీ కోసం తయారు చేసిన వైర్‌లెస్ రిసీవర్ విడిగా కావాలి, గుండ్రటి చిన్న డబ్బాలా ఉంటుంది. అది దొరికితే పెట్టండి. దొరక్కపోతే ఆ కంట్రోలర్ మీద ఇంకో రూపాయి పెట్టొద్దు. అదే 360లో వైరుతో వచ్చే మోడల్ ఉంటుంది, అదైతే విండోస్‌లో పెట్టిన నిమిషంలో పని చేస్తుంది.

తర్వాత వచ్చిన ఎక్స్‌బాక్స్ వన్ కంట్రోలర్లు కొనేటప్పుడు కూడా ఒకటి చూడండి. 2013లో వచ్చిన మొదటివాటికి బ్లూటూత్ లేదు. 2016లో వన్ ఎస్‌తో వచ్చినవాటి నుంచే ఉంది. మధ్యలో మెరిసే ఎక్స్‌బాక్స్ బటన్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చూస్తే తెలుస్తుంది. కంట్రోలర్ ముఖంతో కలిసిపోయి ఒకే ముక్కగా ఉంటే బ్లూటూత్ ఉన్నట్టు. పైన ఉన్న భుజం బటన్ల ముక్కతో కలిసి ఉంటే లేనట్టు. సెకండ్ హ్యాండ్ అమ్మేవాళ్ళు ఫోటో పెడతారు కదా, ఫోటోలోనే కనిపెట్టొచ్చు.

నక్కలగుట్ట అక్క · శనివారం రాత్రి 10.28

అయ్యో. అమ్మినాయన ‘మేడం, అన్నింటికీ పని చేస్తుంది’ అని చెప్పాడు. పిల్లలకు ఏం చెప్పాలో ఇప్పుడు. థాంక్స్ తమ్ముడూ.

జగిత్యాల 505 · జగిత్యాల · శనివారం రాత్రి 10.41

అక్కా, ఛార్జింగ్ అయితే అయితుంది కదా, అబద్ధం చెప్పలేదు ఆయన.

కరీమాబాద్ పోరడు · ఆదివారం ఉదయం 8.15

కాజీపేట అన్నా, నీకు సర్వపిండి బాకీ! అమ్మ పాత ఫోన్ కేబుల్ దొరికింది. పెట్టగానే టడింగ్ అన్నది. అయితే ఇప్పుడు ఇంకో తలనొప్పి. యూట్యూబ్ పెడితే సౌండ్ రావట్లేదు. కంట్రోలర్ తీసేస్తే వస్తోంది.

హాస్టల్ మూడో ఫ్లోర్ · ఆదివారం ఉదయం 8.40

కంట్రోలర్ కింద ఇయర్‌ఫోన్ రంధ్రం ఉంది చూడు, విండోస్ దాన్ని కొత్త హెడ్‌సెట్ అనుకుని సౌండంతా అటు పంపుతోంది. గడియారం పక్కన స్పీకర్ బొమ్మ నొక్కు, పైన బాణం గుర్తు ఉంటుంది, అందులో వైర్‌లెస్ కంట్రోలర్ బదులు నీ స్పీకర్లు ఎంచుకో. అయిపోతుంది.

ఆ తర్వాత బటన్లు చూసుకోవాలంటే విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కు. వచ్చిన డబ్బాలో ఇంగ్లిష్‌లో జె, ఓ, వై, చుక్క, సి, పి, ఎల్ కొట్టి ఎంటర్ చెయ్. గేమ్ కంట్రోలర్ల కిటికీ తెరుచుకుంటుంది. ప్రాపర్టీస్‌లోకి పోతే ప్రతి బటన్‌కూ ఒక ఎర్ర లైటు ఉంటుంది. అన్నీ నొక్కి చూడు.

కరీమాబాద్ పోరడు · ఆదివారం ఉదయం 9.22

సౌండ్ వచ్చింది. బటన్లన్నీ వెలుగుతున్నాయి. కానీ రెండు గొడవలు.

ఒకటి, ఆ కిటికీలో చదరంలో ప్లస్ గుర్తు ఉంది కదా, చెయ్యి పెట్టకపోయినా అది నడిమిట్ల లేదు. ఎడమకు జరిగి సన్నగా వణుకుతోంది. రెండు, క్రికెట్‌లో బటన్లు తారుమారు. నేను అనుకున్నది ఒకటి, అది ఆడేది ఒకటి. ఇంకో కొత్త కార్ల గేమ్‌లో అయితే కంట్రోలర్‌ను అసలు గుర్తే పట్టట్లేదు.

హాస్టల్ మూడో ఫ్లోర్ · ఆదివారం ఉదయం 10.10

రెండోది నేను చెప్తా, మొదటిది మన గ్రూపులో రిపేర్లు చేసే సోల్డర్ పొగ అన్నకు వదిలేస్తున్నా.

విండోస్‌లో కంట్రోలర్ మాటలు వినడానికి రెండు పద్ధతులున్నాయి. పాతది డైరెక్ట్‌ఇన్‌పుట్. దానికి బటన్ల పేర్లు తెలియవు, నంబర్లే తెలుసు. ఒకటో బటన్, రెండో బటన్. ఏ నంబరు ఏ బటన్‌కు ఇవ్వాలన్నది తయారుచేసినవాడి ఇష్టం. పీఎస్4 కంట్రోలర్‌లో ఒకటి అంటే చదరం, రెండు అంటే ఇంటూ. ఎక్స్‌బాక్స్‌లో ఒకటి అంటే ఏ. మనకు బజారులో దొరికే పీఎస్2 అడాప్టర్లలో చాలావాటికి ఒకటి అంటే త్రిభుజం. ఆట ‘ఒకటి నొక్కాడు’ అని మాత్రమే వింటుంది. తారుమారు కాక ఏమవుతుంది?

ఈ గోల తీర్చడానికే మైక్రోసాఫ్ట్ 2005లో 360తో పాటు ఎక్స్‌ఇన్‌పుట్ తెచ్చింది. అందులో ప్రతి బటన్‌కూ స్థిరమైన పేరు, స్థానం ఉంటాయి. ఒకేసారి నాలుగు కంట్రోలర్ల వరకే. కొత్త గేమ్‌లు చాలావరకు ఈ ఎక్స్‌ఇన్‌పుట్‌నే వింటాయి. నీ పీఎస్4 కంట్రోలర్ ఆ భాష మాట్లాడదు, అందుకే కార్ల గేమ్‌కు అది కనిపించట్లేదు.

కాబట్టి మధ్యలో ఒక దుబాసీ కావాలి. డీఎస్4విండోస్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అది నీ కంట్రోలర్ చెప్పేది విని, ‘నేను ఎక్స్‌బాక్స్ 360 కంట్రోలర్‌ను’ అని ఆటతో చెప్తుంది. దాంతో పాటు విజెమ్‌బస్ అనే డ్రైవర్ కూడా వేయమని అదే అడుగుతుంది. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు తమ పని పెట్టే గిట్‌హబ్ సైటులోంచే దింపుకో. అదే పేరుతో వేరే సైట్లు చాలా ఉన్నాయి, వాటి జోలికి పోకు.

కాజీపేట జంక్షన్ · ఆదివారం ఉదయం 10.35

ఇవన్నీ ఎందుకు? గేమ్‌లు కొని ఆడుకునే స్టీమ్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకుంటే సరి. 2016 చివరి నుంచి స్టీమ్‌లోనే పీఎస్4 కంట్రోలర్‌కు సపోర్ట్ ఉంది. స్టీమ్‌లో కొనని గేమ్‌ను కూడా లైబ్రరీలో చేర్చుకుని అక్కడి నుంచి తెరిస్తే అదే చూసుకుంటుంది.

హాస్టల్ మూడో ఫ్లోర్ · ఆదివారం ఉదయం 10.44

అన్నా, పాత డెస్క్‌టాప్‌లో స్టీమ్ తెరిస్తేనే సగం ర్యామ్ పోతుంది. డీఎస్4విండోస్ తేలిక.

కాజీపేట జంక్షన్ · ఆదివారం ఉదయం 10.52

నా సిస్టం 2012ది. నడుస్తూనే ఉంది. మీ హాస్టల్‌లో రాత్రికి యాభై ట్యాబ్‌లు తెరిచి ర్యామ్ లేదంటే ఎట్లా.

కరీమాబాద్ పోరడు · ఆదివారం మధ్యాహ్నం 1.30

మీ ఇద్దరి మాటా విన్నా. రెండూ వేసిన. ఇప్పుడు మెనూలో కిందికి ఒక్కసారి నొక్కితే రెండు గీతలు దిగుతోంది. ‘స్టార్ట్’ మీద ఆగనే ఆగదు, దాటి పోతుంది.

హాస్టల్ మూడో ఫ్లోర్ · ఆదివారం మధ్యాహ్నం 1.38

రెండూ కలిపి వేయమని ఎవరు చెప్పారు! ఒక కంట్రోలర్‌ను ఇద్దరు దుబాసీలు చెరోపక్క వింటున్నారు. ఆటకు ఒకే నొక్కు రెండుసార్లు చేరుతోంది. స్టీమ్ సెట్టింగుల్లో కంట్రోలర్ దగ్గర ప్లేస్టేషన్ సపోర్ట్ ఆపెయ్, లేదా డీఎస్4విండోస్ మూసెయ్. ఏదో ఒకటే. అప్పటికీ డబుల్ పడితే, ఆట అసలు కంట్రోలర్‌నూ, డూప్లికేట్‌నూ రెండింటినీ చూస్తోందన్నమాట. హిడ్‌హైడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ ఉంది, అసలుదాన్ని ఆటకు కనిపించకుండా దాస్తుంది.

సోల్డర్ పొగ · కరీంనగర్ · ఆదివారం సాయంత్రం 6.05

ఇప్పుడే షాపు నుంచి వచ్చిన. ప్లస్ గుర్తు పక్కకు జరగడం గురించి. దాన్ని డ్రిఫ్ట్ అంటారు. కంట్రోలర్ మీద బొటనవేలితో తిప్పే పుల్ల కింద రెండు చిన్న పొటెన్షియోమీటర్లు ఉంటాయి, ఒకటి అడ్డం, ఒకటి నిలువు. లోపల కార్బన్ పట్టీ మీద సన్నటి ఇత్తడి రంగు వేలు లాంటిది రాసుకుంటూ తిరుగుతుంది. పాత రేడియోలో వాల్యూమ్ తిప్పితే గరగర అంటుంది చూడు, అదే వస్తువు, అదే జబ్బు. పట్టీ అరుగుతుంది, పొడి చేరుతుంది, నడుమ ఎక్కడో దానికే తెలియకుండా పోతుంది.

ముందు పైసా ఖర్చు లేనిది చెయ్. డీఎస్4విండోస్‌లో డెడ్ జోన్ అని ఉంటుంది. నడిమిట్ల ఇంత చుట్టుకొలతలో పుల్ల కదిలినా పట్టించుకోకు అని దానికి చెప్పడం. కొద్దికొద్దిగా పెంచుకుంటూ పో, వణుకు ఆగిన చోట ఆపు. మరీ పెంచితే పుల్ల సగం తోసిందాకా ఆటగాడు కదలడు, చిరాకు లేస్తది.

దాంతో కాకపోతే విప్పాలి. వెనక నాలుగు స్క్రూలే. కానీ స్క్రూలు తీయగానే గుంజొద్దు. పట్టుకునే పిడుల దగ్గర నుంచి మెల్లగా విడదీసుకుంటూ రావాలి. ముందు సగానికి, వెనక సగానికి మధ్య పల్చటి రిబ్బన్ ఒకటి ఉంటుంది, ఛార్జింగ్ బోర్డుది. నా దగ్గరికి వచ్చే పీఎస్4 కంట్రోలర్లల్ల చాలావాటికి డ్రిఫ్ట్ ఉండదు, ఆ రిబ్బన్ తెగి ఉంటుంది. ఇంట్ల విప్పి, తెంపి, డ్రిఫ్ట్ అని చెప్పి తెస్తరు.

పుల్ల పక్కన ఆకుపచ్చ చిన్న డబ్బీ లాంటిది కనిపిస్తే దాని సందులో కాంటాక్ట్ క్లీనర్ (ఎలక్ట్రానిక్ సామాను శుభ్రం చేసే స్ప్రే) ఒక్క చుక్క కొట్టి, పుల్లను ఇరవై ముప్ఫై సార్లు గుండ్రంగా తిప్పు. ఆరనిచ్చి బిగించు. కొన్ని నెలలు ఆగుతుంది. కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె పొయ్యకు. పోసినోళ్ళు ఉన్నరు, అందుకే చెప్తున్న.

పుల్ల మొత్తం మార్చాలంటే 14 కాళ్ళు టంకం విప్పాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు దాని మీద చెయ్యి పెట్టొద్దు, బోర్డు మీది రాగి గీత లేచిపోతుంది. పెట్టినా హాల్ ఎఫెక్ట్ మాడ్యూల్ పెట్టించుకో. అది అయస్కాంతంతో పని చేస్తుంది, రాసుకునేది లేదు కాబట్టి అరిగేది లేదు.

కరీమాబాద్ పోరడు · ఆదివారం రాత్రి 8.50

డెడ్ జోన్ పెట్టిన, వణుకు పోయింది. విప్పే ధైర్యం లేదన్నా. కార్ల గేమ్ అదిరింది, చూపుడువేలి కింది ట్రిగ్గర్ బటన్ కొంచెం నొక్కితే కారు కొంచెం పోతోంది, కీబోర్డుతో ఇట్లా రానే రాదు.

క్రికెట్ మాత్రం ఇంకా తారుమారే.

హాస్టల్ మూడో ఫ్లోర్ · ఆదివారం రాత్రి 9.15

క్రికెట్ 07 వచ్చింది 2006లో. అది పాత పద్ధతి మనిషి. దాన్ని ఒప్పించడం కన్నా కంట్రోలర్‌నే కీబోర్డు చెయ్. యాంటీమైక్రోఎక్స్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఈ బటన్ నొక్కితే ఈ కీ నొక్కినట్టు అని రాసిపెట్టుకోవచ్చు. నువ్వూ మీ బావా ఇన్నేళ్ళు ఏ కీలతో ఆడారో అవే పెట్టు. ఆట ఆడేటప్పుడు డీఎస్4విండోస్ మూసెయ్, లేకపోతే మళ్ళీ డబుల్. డెడ్ జోన్ ఇందులోనూ ఉంది, ఇక్కడ మళ్ళీ పెట్టుకోవాలి.

ఇంకొకటి, పాత గేమ్‌లకు ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ వాడేవాళ్ళ కోసం. డైరెక్ట్‌ఇన్‌పుట్‌లో వాటి రెండు ట్రిగ్గర్లూ ఒకే గీత మీద ఉంటాయి. ఒకటి అటు లాగుతుంది, ఒకటి ఇటు. రెండూ కలిపి నొక్కితే సున్నా. కంట్రోలర్ చెడిపోయిందని పారేయకండి.

బొగ్గుబావి · గోదావరిఖని · ఆదివారం రాత్రి 11.50

సెకండ్ షిఫ్ట్ అయ్యి ఇప్పుడే చదువుతున్నా. విండోస్ బదులు లైనక్స్ వేసుకుంటే ఇవేవీ అక్కర్లేదు, దాని గుండెకాయ లాంటి కెర్నెల్‌లోనే డ్రైవర్ ఉంటుంది. కెర్నెల్ 5.12 వెర్షన్ నుంచి పీఎస్5 కంట్రోలర్‌కు కూడా సోనీవాళ్ళదే డ్రైవర్ వచ్చింది. పెడితే నడుస్తుంది.

జగిత్యాల 505 · ఆదివారం రాత్రి 11.58

లైనక్స్ అన్న వచ్చిండు. ఇంకా రాలేదేంటని చూస్తున్న.

కరీమాబాద్ పోరడు · బుధవారం సాయంత్రం 7.20

యాంటీమైక్రోఎక్స్‌తో క్రికెట్ కుదిరింది. మీ అందరికీ దండాలు. ఆఖరి ప్రశ్న, తర్వాత విసిగించను. వైరు పొట్టిగా ఉంది, మంచం మీద కూర్చుని ఆడాలని 250 పెట్టి యూఎస్‌బీకి గుచ్చే చిన్న బ్లూటూత్ డాంగిల్ కొన్నా. షేర్ బటన్, పీఎస్ బటన్ కలిపి పట్టుకుంటే తెల్ల లైటు గబగబా కొట్టుకుంది, సిస్టంలో వైర్‌లెస్ కంట్రోలర్ అని వచ్చింది, కలిసింది. కానీ ఆడుతుంటే ఆగి ఆగి పోతోంది. బంతి స్టంప్స్‌ను దాటినాక బ్యాట్ లేస్తోంది.

కాజీపేట జంక్షన్ · బుధవారం రాత్రి 8.02

డాంగిల్ ఎక్కడ పెట్టినవ్? సీపీయూ వెనకనా? పక్కన నీలం రంగు పోర్టులో పెన్‌డ్రైవో హార్డ్‌డిస్కో ఉందా?

కరీమాబాద్ పోరడు · బుధవారం రాత్రి 8.06

వెనకనే. పక్కన నీలం పోర్టులో హార్డ్‌డిస్క్ ఉంది. నీకెట్లా తెలుసన్నా?

కాజీపేట జంక్షన్ · బుధవారం రాత్రి 8.25

అందరూ అక్కడే పెడతరు. సీపీయూ డబ్బా రేకుది, గోడకు ఆనించి ఉంటుంది. నువ్వు మంచం మీద, డాంగిల్ రేకు వెనక. సిగ్నల్ ఎట్లా వస్తది? పైగా ఆ నీలం పోర్టు యూఎస్‌బీ 3.0ది, అది పని చేస్తున్నప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుట్టిస్తుంది, బ్లూటూత్ నడిచేది సరిగ్గా అక్కడే. ఇంటెల్‌వాళ్ళే దీని మీద 2012లో కాగితం రాసిన్రు. ఒక మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు తీసుకుని డాంగిల్‌ను టేబుల్ మీదికి, నీకు ఎదురుగా తెచ్చి పెట్టు.

ఆట అయినాక పీఎస్ బటన్ పది సెకన్లు పట్టుకుని ఆపెయ్. సిస్టంకు కలిసి ఉన్నప్పుడు అది తనంతట తాను ఆగదు, దాని బ్యాటరీ 1000 ఎంఏహెచ్‌దే.

నక్కలగుట్ట అక్క · గురువారం మధ్యాహ్నం 2.40

మేము వైరుదే 360 కంట్రోలర్ తీసుకున్నాం, పెట్టగానే పని చేసింది. పాతది పిల్లలిద్దరిలో చిన్నవాడికి ఇచ్చాం. వాడి చేతిలో లైట్లు తిరుగుతున్నాయి, వాడే ఆడుతున్నాననుకుంటున్నాడు. ఎన్నాళ్ళు నడుస్తుందో చూడాలి.

కరీమాబాద్ పోరడు · తర్వాతి మంగళవారం రాత్రి 11.15

ఎక్స్‌టెన్షన్ వైరుతో ఆగడం పోయింది. బావ నిన్న పొద్దున దిగాడు. రాత్రి అన్నాలు తిన్నాక సిస్టం ఆన్ చేసి కంట్రోలర్ చేతికిచ్చా. మూడు బంతులు ఆడాడు, మూడో బంతికి క్లీన్ బౌల్డ్. కంట్రోలర్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఇది అక్కడే చెడిపోయినట్టుందిరా, ఆ కీబోర్డ్ ఇటు జరుపు’ అన్నాడు. పన్నెండున్నర దాకా కీబోర్డు మీదనే ఆడినం, ఓవర్‌కు ఒకరం.

కంట్రోలర్ మా మేనకోడలు తీసుకుంది. పొద్దున చూస్తే ఛార్జింగ్ లేదు. పీఎస్ బటన్ పది సెకన్లు పట్టుకోవాలని దానికి ఎవరూ చెప్పలేదు.